పూనిన మాంత్రికుడి పాపం ఎవరి ఖాతాలోకి?

హ్యారీ పాటర్ వరసలో మొదటి పుస్తకం 1997లో వచ్చింది. దాని చివర్లో ప్రొఫెసర్ క్విరెల్ తన తలపాగా విప్పుతాడు. ఏడాదంతా నత్తినత్తిగా మాట్లాడుతూ, తన నీడకే ఉలిక్కిపడేలా కనిపించిన ఆ మాస్టారి తల వెనక ఇంకో ముఖం ఉంటుంది. సొంత శరీరం పోగొట్టుకుని పరాయి ఒంట్లో తలదాచుకున్న దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ ముఖం అది. పరశువేది రాయిని దొంగిలించబోయింది, ఆట మధ్యలో హ్యారీని చీపురు మీదనుంచి పడెయ్యాలని మంత్రం చదివింది, యూనికార్న్ అనే ఒంటికొమ్ము గుర్రాన్ని చంపి నెత్తురు తాగింది ఈ ఒళ్లే. అందులో క్విరెల్ ఎంత, లోపలివాడు ఎంత?

కర్నూలులో వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలతో కూర్చుని పుస్తకాలు చదివే అలవాటు నాకుంది. ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ తగవే. ‘పాపం సార్ ఆయన, లోపల కూర్చున్నవాడు చేయిస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు’ అని ఒక జట్టు. ‘దయ్యం పట్టిందంటే చేసిన హత్య ఒప్పయిపోతుందా’ అని రెండో జట్టు. గట్టిగా అరిచేది మొదటి జట్టే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మన వైపు పెరిగిన పిల్లలకు ఒంటిమీదికి రావడం అనేది కళ్లతో చూసిన సంగతి. ఊరిదేవర నాడు అమ్మవారు వచ్చిన మనిషి తిట్టినా, కొట్టినా, ఇంటి గుట్టు నలుగురిలో బయటపెట్టినా మర్నాడు ఎవరూ లెక్క అడగరు. ఆ మాట అమ్మవారిది. అనంతపురం జిల్లా నార్పల దగ్గర గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి పీరును ఎత్తుకుని అగ్నిగుండం దాటే మనిషిని చూసినవారికి, ఆ నడక అతనిది మాత్రమే అనిపించదు. అలాంటి కళ్లతో చదివితే క్విరెల్ మీద జాలి కలగడం సహజమే.

నా వాదన ముందే చెప్పేస్తాను. కథల్లో పూనిన ఆత్మ మనిషిలో లేనిదాన్ని తెచ్చిపెట్టదు. ఉన్నదాన్ని వెతికి పట్టుకుని, దానితోనే తన పని చేయించుకుంటుంది. కాబట్టి చెయ్యి ఎవరిదని అడిగితే ఈ తగవు ఎన్నటికీ తేలదు. ఆత్మకు సందు ఎక్కడ దొరికింది, బలి ఎవరి ఒంట్లోంచి పోయింది అని అడిగితే చాలావరకు తేలుతుంది. ‘చాలావరకు’ అనడంలో ఒక చిక్కు ఉంది. దాని సంగతి తర్వాత.

ఎవరికి ఎవరు యజమాని

ముందు ఒక గందరగోళం విడదీయాలి. మాంత్రికుడు, ఆత్మ ఒకే కథలో ఉన్నంత మాత్రాన అది పూనకం కథ కాదు. 1951 నాటి ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడికి ఏదీ పూనలేదు. ధీరుడైన ఒక యువకుడిని బలి ఇచ్చి దేవతను చేతికింద పెట్టుకోవాలనుకుంటాడు. కోరిక అతనిది, నౌకరీ దేవతది. మాంత్రికుడంటే ఎస్.వి. రంగారావు రూపమే తెలుగువారి కళ్లముందు మెదలడానికి కారకులైన ఇద్దరు మన సీమవారు. దర్శకుడు కె.వి. రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. ఆ నాగిరెడ్డి, చక్రపాణి కలిసే 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. విక్రమార్కుడి భుజాన బేతాళుడిని వేలాడదీసి తరాల తరబడి మనచేత చదివించింది ఆ పత్రికే.

ఆ బేతాళుడి అసలు కథలో కొలత మారుతుంది. 11వ శతాబ్దపు ‘కథాసరిత్సాగరం’లో క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ రాజుకు ఒక పండు ఇస్తుంటాడు. ఆ పండులో రత్నం ఉంటుంది. చివరికి శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని తెచ్చిపెట్టమంటాడు. బేతాళుడు పూనింది ఆ శవానికి. భిక్షువుకు పూనలేదు, లొంగనూ లేదు. తనను లొంగదీయడానికే ఈ ఏర్పాటంతా అని గ్రహించి, రాజును హెచ్చరించి, భిక్షువు తల తెగేలా చేస్తాడు. సాష్టాంగపడటం ఎలాగో చూపించమని అడిగి, వంగినవాడి మెడ నరకమన్న ఉపాయం ఆ ఆత్మదే. ఇక్కడ దయ్యానికున్న నీతి మాంత్రికుడికి లేదు. మన జానపదం దయ్యాన్ని ఎప్పుడూ ఆఖరి దుర్మార్గుడిగా చూడలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మూడో రకం మాంత్రికుడే ఆత్మగా మిగలడం. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తన ప్రాణాన్ని ఒంట్లో ఉంచుకోకుండా చిలుకలో దాచుకుంటాడు. వోల్డెమార్ట్ ఏడు పుస్తకాల్లో చేసిన ఈ పనినే బుర్రకథల వాళ్లు ఎప్పుడో పాడేశారన్నమాట. 2009లో వచ్చిన ‘అరుంధతి’లో పశుపతి కూడా ఈ కోవలోవాడే. బనగానపల్లెలో నవాబుల నాటి బంగళాను ఆ సినిమా వచ్చాక జనం అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. కథ మాత్రం గద్వాల సంస్థానంలో జరుగుతుంది. పశుపతి దెబ్బలు తిని, అఘోరాల దగ్గర విద్య నేర్చి తిరిగి వస్తాడు. సమాధిలో చచ్చి ప్రేతమవుతాడు. గమనించాల్సింది ఏమిటంటే, అతను మంత్రం నేర్చాక చెడిపోలేదు. మంత్రం ముక్క రాకముందే ఆడవాళ్ల పాలిట పీడ. విద్య అతనికి చెడును నేర్పలేదు, చెడుకు చేయూతనిచ్చింది.

నాలుగో రకం క్విరెల్. ఆత్మ యజమాని, మాంత్రికుడు కట్టుబానిస. చిక్కంతా ఇక్కడే.

శ్రీపర్వతం నుంచి వచ్చినవారు

సంస్కృత కవులకు మాంత్రికుడు కావలసినప్పుడల్లా నల్లమల వైపు చూసేవారు. శ్రీపర్వతం అనే పేరు నాగార్జునకొండకు కూడా ఉంది కానీ, శైవుల, పుర్రె పట్టుకుని తిరిగే కాపాలికులనే శైవ సాధువుల శ్రీపర్వతం మన శ్రీశైలమేనని ఎక్కువమంది పండితుల మాట. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేవరకు అది కర్నూలు జిల్లానే. 7వ శతాబ్దంలో హర్షుడు రాసిన ‘రత్నావళి’లో కాలం కాని కాలంలో పూలు పూయించే విద్య రాజుకు నేర్పినవాడు శ్రీపర్వతం నుంచి వస్తాడు. అది ముద్దుగా ఉంటుంది. 8వ శతాబ్దపు భవభూతి ‘మాలతీమాధవం’లో మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఆ నాటకంలో అఘోరఘంటుడనే కాపాలికుడు చాముండకు బలి ఇవ్వడానికి కన్య కోసం వెతుకుతుంటాడు. శ్రీపర్వతం నుంచి వచ్చిన అతని శిష్యురాలు కపాలకుండల. నిద్రపోతున్న మాలతిని ఎత్తుకొచ్చి విగ్రహం ముందు నిలబెడతారు. అదే సమయానికి అదే శ్మశానంలో నాయకుడు మాధవుడు ఉంటాడు. ఎందుకున్నాడో తెలిస్తే నేటి పాఠకుడు ఉలిక్కిపడతాడు. ప్రేమ ఫలించే దారి కనబడక, మనిషి మాంసం పట్టుకుని భూతాలకు అమ్మడానికి వచ్చాడు. అంటే ప్రతినాయకుడు ఏ శక్తులతో బేరం ఆడుతున్నాడో, నాయకుడూ వాటితోనే ఆడుతున్నాడు. చేతిలో మాంసం ఉన్నంత మాత్రాన మాధవుడిని కవి దుర్మార్గుడిగా చూడడు. అఘోరఘంటుడు ఇవ్వబోయేది ప్రాణమున్న ఇంకో మనిషిని, ఆమెకు తెలియకుండా, ఆమె ఇష్టం లేకుండా. గీత అక్కడ గీశాడు భవభూతి.

అంతటితో ఆగలేదు. గురువు చనిపోయాక కపాలకుండల పగబట్టి మాలతిని మళ్లీ ఎత్తుకుపోతుంది. ఈసారి ఏకంగా శ్రీపర్వతానికే. మాలతిని కాపాడేది సౌదామిని. ఒకప్పుడు బౌద్ధ మఠంలో చదువుకుని, తర్వాత అదే శ్రీపర్వతం మీద అదే సాధనతో సిద్ధి పొందిన ఆమె. ఒకే కొండ, ఒకే విద్య. ఒకామె ఎత్తుకుపోతే ఇంకొకామె విడిపిస్తుంది. మాంత్రికుడిని విద్యను బట్టి తూచేవాళ్లు ఈ నాటకం చదివితే తక్కెడ పక్కన పెట్టేస్తారు.

బాణుడి ‘హర్షచరిత్ర’లో భైరవాచార్యుడి ఘట్టం ఇంకా పదునైనది. దక్షిణాది నుంచి వచ్చిన ఈ శైవాచార్యుడు అమావాస్య ముందటి చీకటి రాత్రి శ్మశానంలో శవం ఛాతీ మీద కూర్చుని, దాని నోట్లో నిప్పు రాజేసి హోమం చేస్తాడు. ఈ వర్ణన ఒక్కటీ విడిగా చూపిస్తే మన సినిమా ప్రేక్షకుడు వీడే విలన్ అంటాడు. కానీ అతను మంచివాడు. తోడుగా కాపలా ఉండమని రాజును ముందే అడిగాడు, రాజు ఒప్పుకున్నాడు. నేల చీల్చుకుని వచ్చిన నాగుడిని రాజు ఓడిస్తాడు. ఆచార్యుడికి విద్యాధరత్వం, అంటే ఆకాశంలో తిరిగే దేవజాతిలో చోటు, దక్కుతుంది. క్షాంతిశీలుడు కోరుకున్నదీ ఈ విద్యాధరత్వమే, రాజు సాయంతోనే. అతను రాజు తల కోరాడు, ఇతను రాజు తోడు కోరాడు. భైరవాచార్యుడి తంతులో పరాయి ప్రాణం ఖర్చు కాలేదు.

కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం గురించి పత్రికలన్నీ కర్రల కొట్లాట అనే రాస్తాయి. దాని వెనక ఉన్న స్థలపురాణం మన విషయానికి దగ్గరిది. శివుడు భైరవరూపంలో మణి, మల్లాసురులనే రాక్షసులను సంహరించినప్పుడు, వాళ్లు చివరి కోరికగా ఏటా నరుల నెత్తురు అడిగారట. ఆ మాట నిలబెట్టడానికి రక్షపడ అనే చోట గొరవయ్య అనే శివభక్తుడు తన తొడ గుచ్చి కొంచెం రక్తం ఇస్తాడు. రాక్షసుడికిచ్చిన మాట కూడా తప్పలేదు, కానీ నెత్తురు ఇచ్చేవాడు తన ఒంటిదే ఇస్తాడు. క్విరెల్ ఒంట్లో ఉన్నవాడు బతకడానికి తాగింది ఎవరికీ హాని చెయ్యని జంతువు నెత్తురు. దానివల్ల దక్కేది సగం బతుకు, శాపగ్రస్తమైన బతుకు అని ఆ పుస్తకమే చెబుతుంది.

భారతంలో మూడు పూనకాలు

సందు సంగతికి వద్దాం. దీనికి మన దగ్గర నలుడి కథను మించిన పాఠం లేదు. దమయంతి స్వయంవరానికి ఆలస్యంగా బయలుదేరిన కలి, ఆమె నలుణ్ణి వరించిందని తెలిసి పగబడతాడు. వెంటనే పూనలేడు. పన్నెండేళ్లు కాచుకుని కూర్చుంటాడు. ఒకనాడు నలుడు మూత్రవిసర్జన చేసి, కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చాడు. ఆ ఒక్క లోపం చాలింది, కలి ప్రవేశించాడు. ఇంత చిన్న తప్పుకు అంత శిక్షా అని పిల్లలు అడుగుతారు. నేనైతే కథ మొదట్లోకి తీసుకెళ్తాను. నలుణ్ణి పరిచయం చేసేటప్పుడే వ్యాసుడు అతని గుణాల మధ్య అక్షప్రియుడు, అంటే పాచికలంటే ఇష్టపడేవాడు, అనే మాట కూడా చేర్చాడు. కడగని కాళ్లు లోపలికి దారి మాత్రమే. కలి లోపలికి వెళ్లి పట్టుకున్నది పాచికల సరదాను. జూదం అంటే అసహ్యమున్నవాడికి పూని ఉంటే కలి ఏం ఆడించగలిగేవాడు?

పూనాక కూడా నలుడు పూర్తిగా మాయం కాలేదు. అడవిలో నిద్రపోతున్న భార్య చీరలో సగం కోసుకుని వెళ్లిపోతూ, మళ్లీ వెనక్కి వస్తాడు, మళ్లీ వెళ్తాడు. వ్యాసుడు ఆ మనసును ఊయల అన్నాడు. కలి ఒకవైపు లాగుతాడు, ప్రేమ ఇంకోవైపు లాగుతుంది. పూనకం గురించి నేను చదివినవాటిలో ఇంత నిజమైన చిత్రణ మరొకటి లేదు. ఒంట్లో ఇద్దరున్నప్పుడు ఒకరు నిద్రపోరు, ఇద్దరూ మేలుకునే ఉంటారు. క్విరెల్ దగ్గర కూడా ఒక చిన్న క్షణం ఉంది. మూసిన తలుపు వెనక వద్దు, మళ్లీ వద్దని ఎవరినో బతిమాలుతూ ఏడుస్తున్న అతని గొంతు హ్యారీకి వినిపిస్తుంది. చివరికి సరే సరే అంటాడు. పిల్లల మొదటి జట్టుకు ఉన్న అతి గట్టి సాక్ష్యం అదే. దాన్ని తోసెయ్యడానికి లేదు.

రెండో పూనకాన్ని మనం సాధారణంగా మరిచిపోతాం. అరణ్యపర్వంలో, ఘోషయాత్రలో గంధర్వులకు చిక్కి, పాండవులు విడిపిస్తే బయటపడిన పరాభవం తర్వాత, దుర్యోధనుడు తిండి మానేసి చావాలనుకుంటాడు. దానవులు కృత్య అనే క్షుద్రశక్తిని పంపి అతణ్ణి పాతాళానికి తెప్పించుకుంటారు. తెలుగులో ఈ భాగం ఎఱ్ఱన చేతిలో సాగింది. భీష్మ, ద్రోణ, కృపుల్లో మావాళ్లు ప్రవేశిస్తారు, అప్పుడు వాళ్లు బంధువులని చూడకుండా, దయ వదిలి యుద్ధం చేస్తారు, నరకాసురుడి ఆత్మ ఇప్పటికే కర్ణుడిలో ఉంది అని ధైర్యం చెబుతారు. తాతకు, గురువుకు కూడా పూనకమే. తర్వాతి పర్వాల్లో మాత్రం దీన్ని సాకుగా ఎవరూ వాడరు. భీష్ముడు అంపశయ్య మీద పడుకుని నాలో దానవుడున్నాడని చెప్పుకోడు. వాళ్లు కౌరవుల పక్షాన నిలబడింది దానవులు పూనాక కాదు. ఆ ఉప్పు అంతకు ముందే తిన్నారు. పూనిన దానవుడి పని వాళ్లను ఒక పక్షానికి తేవడం కాదు, అప్పటికే ఉన్న పక్షంలో దయను తుడిచేయడం.

మూడోది అశ్వత్థామ, ఇందాక అన్న చిక్కు. దుర్యోధనుడు పడిపోయాక, ఆ రాత్రి మర్రిచెట్టు మీద గుడ్లగూబ నిద్రపోతున్న కాకులను చంపడం చూసి అతనికి ఆలోచన వచ్చింది. కృపుడు వద్దన్నాడు. వినలేదు. శిబిరం గుమ్మం దగ్గర అడ్డుపడిన భూతాన్ని గెలవలేక, శివుణ్ణి తలచి తననే నిప్పులో అర్పించుకోబోయాడు. శివుడు ఖడ్గం ఇచ్చి, అతని ఒంట్లో ప్రవేశించాడు. ఆ తర్వాత నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుడు, ద్రౌపది అయిదుగురు కొడుకులు, ఇంకెందరో. చంపిన చేతుల్లో ఉన్నది సాక్షాత్తు శివుడు. మరి అశ్వత్థామను దోషి అనగలమా? అన్నారు. తలమీది మణి లాక్కున్నారు. మూడు వేల ఏళ్లు రోగాలతో, ఒంటరిగా తిరగమని కృష్ణుడు శపించాడు. అదే కృష్ణుడు, మరి కొన్ని పుటల తర్వాత, ఒక్కడే అంతమందిని ఎలా చంపాడని ధర్మరాజు విస్తుపోయి అడిగితే, అది ద్రోణుడి కొడుకు చేసిన పని కాదు, మహాదేవుడి ప్రసాదం అంటాడు.

శాపం ఇచ్చిన నోరే ఇతను చేయలేదంటుంది. ఈ కథ చెప్పే సౌప్తికపర్వం ఇక్కడ తడబడిందనుకునేవారున్నారు. నాకు అలా అనిపించదు. ధర్మరాజు అడిగింది అంత బలం ఎక్కడిదని. దానికి జవాబు శివుడు. శాపం ఇచ్చినప్పుడు తూచింది వేరు, ఆ పని చేయాలని ఎవరు అనుకున్నారని. అది గుడ్లగూబను చూసిన రాత్రే, శివుడు రాకముందే తేలిపోయింది. బలం పూనినవాడిది, నిర్ణయం పూనించుకున్నవాడిది. రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. కలిపేస్తేనే అయోమయం.

క్విరెల్ దస్త్రం

ఈ కొలతతో మొదటి పుస్తకాన్ని తేదీల వరసలో పెట్టి చూడండి. క్విరెల్ లోకం చూడాలని తిరుగుతూ వోల్డెమార్ట్‌ను కలిశాడు. మంచీ చెడూ అంటూ ఏమీ లేదు, బలమొక్కటే ఉంది అన్న పాఠం అతనికి నచ్చింది. ఇష్టపడే వెంట తెచ్చుకున్నాడు. హ్యారీ పుట్టినరోజున, అంటే జులై 31న, మంత్రగాళ్ల బ్యాంకులో రాయి దొంగిలించాలని చూసి, దొరక్క ఉత్త చేతులతో వచ్చాడు. ఆ రోజే ఒక సత్రంలో హ్యారీ చెయ్యి పట్టుకుని ఊపాడు. హ్యారీకి గానీ, అతనికి గానీ ఏమీ కాలేదు. చివరి ఘట్టంలో అదే హ్యారీ చర్మం తగిలి అతని చేతులు బొబ్బలెక్కి కాలిపోతాయి. మధ్యలో ఏం మారింది? బ్యాంకులో ఓడిపోయినందుకు కోపగించి, ఇకపై దగ్గరగా కనిపెట్టి ఉండాలని యజమాని ఒంట్లోకి దిగాడు. క్విరెల్ తన నోటితోనే ఈ మాట చెబుతాడు. అంటే మొదటి దొంగతనానికి వెళ్లినప్పుడు ఆ ఒంట్లో ఒక్కడే ఉన్నాడు. గుడ్లగూబను చూసిన రాత్రి లాంటిదే అది.

అదే ఆత్మ రెండో పుస్తకంలో పదకొండేళ్ల జిన్నీని పట్టుకుంటుంది, ఒక పాత డైరీ ద్వారా. కోళ్లు చస్తాయి, గోడల మీద రాతలు వెలుస్తాయి, బడిలో పిల్లలు రాళ్లలా బిగుసుకుపోతారు. పరిణామాలు చూస్తే క్విరెల్ చేసినదానికి ఏమాత్రం తక్కువ కాదు. అయినా ఆమెకు శిక్ష పడదు. ఆమె కంటే పెద్దవాళ్లు, తెలివైనవాళ్లు ఇతని చేతిలో మోసపోయారని హెడ్మాస్టర్ ఓదారుస్తాడు. జిన్నీలో దొరికిన సందు ఒంటరితనం. కొత్త బడిలో మాట్లాడేవాళ్లు లేక, జవాబు చెప్పే పుస్తకానికి మనసు విప్పింది. చేసిన పనులు ఆమెకు గుర్తుండవు. అనుమానం వచ్చిన రోజున డైరీని పారేసింది. తర్వాత దాన్ని మళ్లీ తెచ్చుకుంది కదా అంటే, తెచ్చుకుంది, తన రహస్యాలు బయటపడతాయన్న భయంతో. ఆ భయం కూడా పదకొండేళ్లదే. బలం కావాలని అడిగినవాడిని, స్నేహం కావాలని అడిగిన పిల్లను రచయిత్రి ఒకే గాటన కట్టలేదు.

ఆత్మ వైపు నుంచి చూసినా లెక్క ఇదే. వోల్డెమార్ట్ శరీరం లేని రోజుల్లో జంతువుల్లో, ముఖ్యంగా పాముల్లో దూరేవాడు. అవి త్వరగా చచ్చేవి, పైగా వాటి ఒళ్లు మంత్రానికి పనికిరాదు. అతనికి కావలసింది మంత్రం తెలిసిన మనిషి, నమ్మి లొంగే మనిషి. అయిదో పుస్తకంలో హ్యారీలోనే దూరి, నిలవలేక బయటికి పారిపోతాడు. పట్టుకోవడానికి లోపల అతనికి పనికొచ్చేది ఏదీ దొరకలేదు. క్విరెల్‌లో నెలల తరబడి హాయిగా ఉన్నాడంటే, ఆ నేల ఎలాంటిదో వేరే చెప్పాలా? పని చెడిన క్షణంలో మాత్రం ఆ ఒంటిని చావుకు వదిలేసి వెళ్లిపోయాడు. అఘోరఘంటుడు పరాయివాళ్లను బలి ఇవ్వబోయాడు. క్విరెల్ పరాయి ప్రాణులనూ ఇచ్చాడు, తననూ ఇచ్చుకున్నాడు, తనకు మాత్రం ఏమీ మిగలలేదు.

ఇదంతా కాగితం మీది సంగతి. కాగితం బయట కొలత వేరు, అది కూడా తెలిసి ఉండాలి. మన శిక్షాస్మృతి దయ్యాన్ని సాక్షిగా పిలవదు. పాత ఐపీసీలో 84వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ అడిగేది ఒక్కటే. ఆ సమయంలో మతిస్థిమితం లేక, చేస్తున్న పని ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? వైద్యులది ఇంకో చూపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో పూనకపు రుగ్మతకు వేరే చోటే ఉంది. అయితే ఆ మనిషికి ఇష్టం లేకుండా వచ్చి, బాధపెట్టి, బతుకును చెడగొడితేనే దాన్ని రుగ్మత అంటారు. జాతరలో సంప్రదాయంగా వచ్చేదాన్ని అనరు. ఇక చేతబడి చేశాడన్న అనుమానంతో మనుషులను చెట్లకు కట్టి కొట్టిన వార్తలు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ వస్తున్నాయి. అక్కడ మాంత్రికుడూ ఉండడు, ఆత్మా ఉండదు. ఒక ముసలివాడో, ఒంటరి ఆడమనిషో ఉంటారు. కల్పిత మాంత్రికుణ్ణి ఎంత తీరిగ్గా తూచినా నష్టం లేదు. ఆ తక్కెడ పట్టుకుని ఊళ్లోకి వెళ్లకూడదు.

ఇప్పుడు తెలుగులో ఫాంటసీ రాస్తున్నవాళ్లలో చాలామంది విలన్‌కు చివర్లో పూనకం తగిలిస్తున్నారు. ఆత్మ వదలగానే కళ్లు నులుముకుని, నేనెక్కడున్నాను అంటాడు. కథ మొత్తం భయపెట్టినవాడు ఒక్క వాక్యంతో గుమాస్తాగా మారిపోతాడు. భయపడిన పాఠకుడికి అది మోసం. పూననివ్వండి, కానీ ఏ సందులోంచి వచ్చిందో ముందే చూపించండి. మెలకువ వచ్చాక అతనికి అన్నీ గుర్తుండనివ్వండి.

నలుడికి అన్నీ గుర్తున్నాయి. నలుణ్ణి కాటేసిన నాగుడు కర్కోటకుడి విషం లోపల కలిని కాల్చింది. అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్చిన క్షణాన కలి ఆ విషం కక్కుకుంటూ బయటికి వచ్చి, శపించబోయిన నలుడికి చేతులు జోడించి, తాండ్రచెట్టులో దూరాడు. నలుడు పాచికలను వదిలెయ్యలేదు. ఆ పాచికలతోనే, అప్పుడు తనను జూదంలో ఓడించిన తమ్ముడు పుష్కరుణ్ణి ఓడించి రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు. ఆడవలసిన ఆట అయిపోయాక పుష్కరుడి తల తీసినా అడిగేవారు లేరు. కలి ఉసిగొల్పితే ఆడినవాడే తప్ప, పుష్కరుడికి కలి పూనలేదు కూడా. నా సూత్రం ప్రకారం అతనికి క్షమ దక్కకూడదు. నలుడు అన్న మాట ఇది: అప్పుడు నన్ను ఓడించింది నువ్వు కాదు, కలి, మూఢుడివి గనక నీకు తెలియదు, ఇంకొకడు చేసిన తప్పు నీమీద వెయ్యను. అలా చెప్పి, అతని వాటా అతనికిచ్చి, నెల రోజులు ఇంట్లో ఉంచుకుని, మర్యాదలతో సాగనంపాడు.